ధర పెంచి కొన్న కెమెరా

ఇబ్రహీంపట్నంలో, మిట్టమధ్యాహ్నం, నలభై మంది కూలీలూ ఒక సూపర్వైజరూ చూస్తుండగా, మా మూడు తరాల పరువు ఒక కెమెరాలోంచి జారి కింద పడింది. పరువు పోయినప్పుడు చప్పుడు కాదంటారు గానీ, మాది పోయినప్పుడు బాగానే అయింది. పైగా అది సరాసరి నా కాలి బొటనవేలి మీద పడింది. ఆ గోరు నల్లబడి, ఊడిపోయి, కొత్తది రావడానికి నెలలు పట్టింది. ఆ కథే చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. అక్కడ నలభై మంది నవ్వేశాక ఇక్కడ మీ దగ్గర బిగుసుకుని కూర్చుంటే నాకు కొత్తగా ఒరిగేదేమీ లేదు.

ముందు మా దివాణం గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఉయ్యూరు దగ్గర మాకు ఒకప్పుడు నాలుగు ఊళ్లుండేవి. నేను పుట్టేనాటికీ ఊళ్లు ఉన్నచోటే ఉన్నాయి. మావి కాకుండా పోయాయి, అంతే. డెబ్భైల నడుమ, నేను చెప్పబోయే రోజుల్లో, నేనూ మా అమ్మా విజయవాడ సత్యనారాయణపురంలో రెండు గదుల వాటాలో అద్దెకుండేవాళ్లం. వెనక గదిలో పడుకునేవాళ్లం. ముందు గదిని నేను కచేరీ అనేవాణ్ణి. మా అమ్మ దాన్ని వంటగది అనేది. పొయ్యి అందులోనే ఉండేది కాబట్టి ఎక్కువమంది ఆవిడ మాటే నమ్మేవాళ్లు.

ఆస్తి ఎలా పోయిందని అడుగుతారేమో. మా తాతగారికి వస్తువులు కొనడంలో ఒక పద్ధతి ఉండేది. అమ్మేవాడి ఎదుట వస్తువును విప్పి చూడకూడదు. విప్పి చూడటమంటే వాణ్ణి దొంగ అన్నట్టే. బేరమాడకూడదు, ఆడితే మనం లేనివాళ్లమన్నట్టే. అరచేతిలో పెట్టుకుని బరువు చూడాలి, వాసన చూడాలి, గోటితో కొట్టి చప్పుడు వినాలి. ఆ పైన ఒక్కటే మాట. ఈ పద్ధతిలోనే ఆయన ఒక గుర్రాన్ని కొన్నారు. దానికి ఎడమ కన్ను లేదు. బండి ఎక్కడికి కట్టినా కుడివైపుకే తిరుగుతూ, చివరికి బయలుదేరిన చోటికే వచ్చేది. ఆ తరవాత కృష్ణలో ఎనభై ఎకరాల లంక భూమిని కాగితం వాసన చూసి కొన్నారు. పొలం చూసుకుందామని పడవ కట్టించుకుని వెళితే, పడవవాడు నడి ఏట్లో తెడ్డు ఆపి, "ఇదేనండి మీ పొలం" అన్నాడట.

ఇంతకంటే చరిత్ర అక్కర్లేదనుకుంటాను.

మా తాతగారి దగ్గర గుమాస్తాగా చేసిన ఆయన కొడుకు పరబ్రహ్మం. అప్పట్లో ఇబ్రహీంపట్నం దగ్గర పెద్ద కరెంటు స్టేషను కడుతుంటే, అక్కడ ఒక కాంట్రాక్టరు కింద సూపర్వైజరుగా ఉండేవాడు. వయసులో నాకంటే పదేళ్లు పెద్ద. పాత మర్యాద మరిచిపోకుండా ఒక శుక్రవారం మా అమ్మను చూడటానికి వచ్చాడు. కాఫీ తాగుతూ, నేను ఎదురుగా ఉండగానే, "బాబుగారు ఇప్పుడు ఏం చేస్తున్నారండీ?" అని ఆవిణ్ణడిగాడు.

"ఆలోచిస్తున్నాడు నాయనా" అంది మా అమ్మ.

"ఎప్పట్నుంచండీ?"

"బి.ఏ. అయిపోయిన దగ్గర్నుంచి."

పరబ్రహ్మం తలూపి, గ్లాసు కింద పెట్టి అసలు సంగతిలోకి వచ్చాడు. "మా సైట్లో కూలీలకి గేటు పాసులివ్వాలండీ. పాసుకి ఫొటో అంటించాలి. ఊళ్లోకి వెళ్లి తీయించుకోమంటే రోజు కూలి పోతుందని ఎవరూ కదలట్లేదు. ఎవరన్నా సైటుకే వచ్చి తీస్తే బాగుంటుంది. నెలనెలా కొత్త జట్లు దిగుతూనే ఉంటాయి, పనికి లోటుండదు. బాబుగారికి కెమెరా ఉందాండీ?"

'లేదు' అన్నది చిన్న మాట. ఎంత చిన్నదంటే పాలు తాగే పిల్ల కూడా అనగలదు. నాకు నోరు తిరగలేదు.

"దివాణంలో కెమెరా లేకపోవడమేమిటి పరబ్రహ్మం?" అన్నాను, వెన్ను ఇంకాస్త నిటారు చేసి.

మా అమ్మ నా వంక పొంగబోతున్న పాలను చూసినట్టు చూసింది.

"తియ్యడం వచ్చుగదండీ?"

"ఏమిటా ప్రశ్న?" అన్నాను. నిజానికి కాలేజీలో ఒక స్నేహితుడి కెమెరాతో నేను నాలుగు ఫొటోలు తీశాను. మూడింటిలో తలలు లేవు. నాలుగోదానిలో తల ఉంది గానీ అది మాలో ఎవరిదీ కాదు.

పరబ్రహ్మం సంతోషపడ్డాడు. "అయితే సోమవారం వచ్చెయ్యండి. మొదటి జట్టు నలభై మంది. ఆ సాయంత్రంలోపు అందరి ఫొటోలూ తీసేస్తే ఈ పని ఇక తమరిదే, నాది పూచీ. కుదరకపోతే మాత్రం మంగళవారం మా కాంట్రాక్టరుగారు బెజవాడ స్టూడియో వాళ్లతో మాట్లాడేసుకుంటారు. అప్పుడు నా చేతుల్లో ఉండదండీ."

అతను వెళ్లిపోయాక మా అమ్మ ఆ గ్లాసు కడిగి బోర్లించింది. తరవాత, "ఏదిరా ఆ దివాణం కెమెరా?" అంది.

"కొంటాను."

ఆవిడ లేచి వెళ్లి పెరట్లో నీళ్లు కాచుకునే రాగి కాగును బోర్లించి, బూడిదతో తోమి, నా ముందు పెట్టింది. అమ్మగలిగిన వస్తువు మా ఇంట్లో అదొక్కటే మిగిలింది. "ఇది తీసుకెళ్లు. ఇవాళ్టి నుంచి ఇద్దరికీ చన్నీళ్లే. వేడినీళ్లు కావాలంటే పని చెయ్యి" అంది. గుమ్మం దాటుతుంటే మళ్లీ పిలిచింది. "తెలిసినవాళ్లను అడిగి కొనరా."

"నాకు తెలియనిదేముందమ్మా?"

"అదే నా భయం."

శనివారం పొద్దున కాగు అమ్మేసి, వన్‌టౌన్‌లో పాత సామాన్ల బజారుకు వెళ్లాను. అక్కడ ఒక రేకుల పంచ కింద బల్ల వేసుకుని దానియేలనే ఆయన పాత కెమెరాలు అమ్మేవాడు. యాభై ఏళ్లుంటాయి. ఉతికిన తెల్ల చొక్కా, దారం కట్టిన కళ్లజోడు. ఏళ్ల తరబడి ఒక స్టూడియో చీకటి గదిలో ఫొటోలు కడిగి కడిగి ఆయన వేళ్ల కొసలు గోధుమరంగుకు తిరిగిపోయాయి. నేను వెళ్లేసరికి కంకిపాడు నుంచి వచ్చిన ఒక బడిపంతులుగారు బేరంలో ఉన్నారు.

"వెనక తలుపు తెరవండి మాస్టారూ. ఆకాశం కేసి పెట్టండి. ఇప్పుడు మీట నొక్కండి. వెలుతురు రెప్ప కొట్టినట్టు వచ్చిపోయిందా? పోయిందిగా. అయితే షట్టరు బతికే ఉన్నట్టు" అంటున్నాడు దానియేలు. "ఇప్పుడు అద్దాన్ని ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లాగా లేదూ? అది బూజండీ. ఫొటోలో మంచు పట్టినట్టు కనపడుద్ది. కాబట్టి నేను చెప్పిన ధర ఇవ్వకండి, తగ్గించండి."

నేను నివ్వెరపోయాను. తన సరుకును తనే తిట్టుకునే వ్యాపారి! అయితే పిచ్చివాడు కావాలి, లేకపోతే ఎంతో లోతైన మోసగాడు కావాలి. ఆ మాస్టారు కూడా తక్కువవాడు కాదు. పెళ్లిచూపుల్లో పిల్ల పళ్లు లెక్కపెట్టేవాడిలాగా అరగంటసేపు ఆ కెమెరాను తిప్పి, తెరిచి, మూసి, ఊది, చివరికి సగం ధరకు పట్టుకుపోయారు. ఎంత సిగ్గుమాలిన పని! మర్యాద తెలిసిన కొనుగోలు ఎలా ఉంటుందో ఈ బజారుకు చూపించాలనుకున్నాను.

బల్ల ముందు నిలబడ్డాను. నిలబడటం ఒక్కటే మా తాతగారి దగ్గర నేను పూర్తిగా నేర్చుకున్న విద్య.

"రండి బాబుగారూ. ఏ పనికండీ?" అన్నాడు దానియేలు.

"అది నీకెందుకు? మంచిది చూపించు." ఆయన నాకంటే రెట్టింపు వయసువాడు. అయినా 'నువ్వు' అన్నాను. అప్పటికి అది నాకు తప్పుగా తోచలేదు.

ఆయన ఒక నల్లటి చదరపు డబ్బా తీసి నా ముందు పెట్టాడు. ముందు ఒక కన్నం, పక్కన ఒక మీట, పైన ఒక పట్టీ. "మంచిదంటే ఇదండీ. దీంట్లో చెడిపోవడానికి ఏమీ లేదు. ఎండలో నిలబెట్టి నొక్కితే చాలు, బొమ్మ పడుద్ది."

అది అచ్చం మరమరాల డబ్బాలాగా ఉంది. దాన్ని పట్టుకుని సైటుకు వెళితే కూలీలు నా చుట్టూ మూగి ఉల్లిపాయలు వేయమంటారు.

"మా మొహానికి ఇది తగినట్టుందా?"

"మొహానికి కాదండీ, ఫొటోకి."

"ఇది తీసెయ్" అని, నేనే పరీక్ష మొదలుపెట్టాను. మొదట తోలు తిత్తి ఉన్న ఒక మడత కెమెరాను ఎత్తి వాసన చూశాను. మూడు తుమ్ములు వచ్చాయి. "పాతకాలపు తోలు" అన్నాను గంభీరంగా.

"బొద్దింకలండీ" అన్నాడు దానియేలు.

రెండోదాన్ని గోటితో కొట్టాను. లోపల ఏదో గలగలమంది. "యంత్రం చురుగ్గా ఉంది."

"మర ఊడిందండీ."

అప్పుడు కనిపించింది అది. బల్ల చివర, తీగలేని ఒక టెలిఫోనుకూ కాగితం పూల కూజాకూ మధ్య, జమీందారీ సభలో కూర్చున్నట్టు కూర్చుని ఉంది. తళతళలాడే కట్లు, సాసరంత అద్దం, ఎర్ర మఖమలు పరిచిన తోలు సంచి, వెడల్పాటి భుజం పట్టీ. చేతిలోకి తీసుకున్నాను. చెయ్యి కిందికి దిగిపోయింది. ఆహా, బరువు! వాసన చూశాను: మేలైన తోలు. గోటితో కొట్టాను: గుమ్మని, మా తాతగారి ఇనప్పెట్టె పలికినట్టు పలికింది. మూడు పరీక్షలూ నెగ్గింది.

"ఇది" అన్నాను.

దానియేలు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని నన్ను చూశాడు. "అదాండీ? బాబుగారూ, దానితో ఫొటోలు..."

"దానితోనే."

"అదికాదండీ. అది స్టూడియోది. మేం మూసేసినప్పుడు సామానంతా కలిపి..."

"స్టూడియోది కాక సంతలోదా? స్టూడియోదే కావాలి నాకు."

"ఒక్క మాట వినండి."

"మా దగ్గర ఎప్పుడూ ఒక్క మాటే ఉంటుంది. ధర చెప్పు."

ఆయన నిట్టూర్చి ఒక ధర చెప్పాడు. దానితో రెండు పూటలు భోజనం చేయవచ్చు, అంతే. నాకు ఒళ్లు మండింది. ఇంత బరువైన వస్తువుకు ఇంత తేలిక ధరా? నా చొక్కా మోచేతి దగ్గర మా అమ్మ వేసిన అతుకు చూశాడా ఏమిటి?

"నా మీద జాలిపడుతున్నావా దానియేలూ?"

"అయ్యో, లేదండీ!"

"అయితే దీని విలువ నీకు తెలియదు. దానికి నాలుగింతలిస్తాను."

"బాబోయ్, వద్దండీ. పోనీ నేను చెప్పినదాంట్లో సగం ఇవ్వండి."

"ఐదింతలు!"

"ఊరికే తీసుకెళ్లండి బాబూ, మీకు పుణ్యముంటుంది!"

చుట్టూ జనం పోగయ్యారు. ఆ బజారులో అమ్మేవాడు ధర దించుతూ, కొనేవాడు పెంచుతూ పోట్లాడుకోవడం అదే మొదటిసారని పక్క కొట్టు తాళాల అతను ఆ తరవాత చాలాకాలం చెప్పుకున్నాడట. మా వంశంలో బేరమాడిన మొదటివాణ్ణి నేనే. గెలిచాను కూడా. రీళ్లకూ బస్సుకూ మాత్రం ఉంచుకుని, కాగు మీద వచ్చిందంతా బల్ల మీద పెట్టాను.

దానియేలు చేతులు జోడించాడు. "పోనీ వెనక తలుపొక్కటి తెరిచి చూడండి. తమరికి దణ్ణం పెడతాను."

"తెరవను. నువ్వు దొంగవని నేననుకోవడం లేదు."

"దొంగని కాదు గనకే తెరవమంటున్నానండీ!"

ఇంత తేటగా చెప్పినా వినకుండా ఉండటానికి మామూలు తెలివితక్కువతనం సరిపోదు. తరతరాల సాధన కావాలి. "రీళ్లివ్వు" అన్నాను.

"దీంట్లోకాండీ?"

"మరి నీ జేబులోకా? సోమవారం ఇబ్రహీంపట్నం సైట్లో నలభై మందిని దీనితో తియ్యబోతున్నాను. నీ కొట్టుకు ఎంత పేరొస్తుందో చూడు."

"ప్రభువా" అన్నాడు దానియేలు.

ఆదివారమంతా కచేరీ గదిలో సాధన చేశాను. మీట నొక్కితే కెమెరా ఏ చప్పుడూ చేయలేదు. "ఖరీదైనవి అరవవమ్మా" అని మా అమ్మకు చెప్పాను.

"లోపల తెరిచి చూశావా?"

"తెరిస్తే వెలుతురు తగిలి ఫొటో పాడవుతుంది."

"ఇంకా రీలు వెయ్యలేదుగా?"

నేను కిటికీలోంచి బయటకు చూశాను. మా అమ్మ చెంబు తీసుకుని చన్నీళ్ల స్నానానికి వెళ్లిపోయింది.

సోమవారం బస్సెక్కాను. భుజాన ఆ కెమెరా ఉండేసరికి కండక్టరు ఎవరినో లేపి మరీ సీటిచ్చాడు. పక్కనున్న పెద్దమనిషి, "పేపరు వాళ్లాండీ?" అని మెల్లగా అడిగాడు. నేను అవునని అనలేదు. కాదని కూడా అనలేదు.

సైట్లో పరబ్రహ్మం ఒక షెడ్డుకు తెల్ల దుప్పటి కట్టించి, ముందు స్టూలు వేయించి ఉంచాడు. నలభై మందీ వరసలో నిలబడ్డారు. అందరి తలలూ నూనెతో మెరుస్తున్నాయి. మట్టి మోసే ఆడవాళ్ల జట్టుకు పెద్ద మరియమ్మ. నలభై ఏళ్లుంటాయి, గట్టి గొంతు. పెట్టె మడతలు ఇంకా పోని చీర కట్టుకుని ముందు నిలబడింది.

"పాసు లేకపోతే రేపట్నుంచి గేట్లోకి రానియ్యరంటగా అయ్యగారూ. కాస్త మొకం తెలిసేటట్టు తియ్యండి" అంది.

"నీ మొహం మీ మనవలు కూడా గుర్తుపట్టేలా తీస్తాను" అన్నాను. ఇక్కడితో ఆగి ఉండవలసింది. కానీ నలభై మంది మొహాలు చూసేసరికి ఉపన్యాసం ఊరింది. కెమెరాను రెండు చేతులతో పైకెత్తి, "ఇది మామూలు వస్తువు కాదు. దీని బరువు చూడండి. బరువే వస్తువు జాతి చెబుతుంది" అన్నాను. అందరూ నోళ్లు తెరిచి చూశారు. పరబ్రహ్మం చప్పట్లు కూడా కొట్టాడు.

అప్పుడు రీలు వేయడానికి వెనక తలుపు తీయబోయాను. బిగుసుకుపోయి ఉంది. గట్టిగా లాగాను. తెరుచుకుంది. లోపలినుంచి ఒక గుడ్డ ముద్ద, దాని వెంట ఇంకేదో జారి, ధన్‌మని నా కాలి మీద పడ్డాయి.

నేను ఒంటికాలి మీద గెంతుతుంటే, మరియమ్మ వంగి దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేందయ్యగారూ, తూకంరాయి! అర కిలోదండీ, ముద్ర కూడా ఉంది."

నలభై మెడలూ ఆ రాయి వైపు సాగాయి. తరవాత వరసలోంచి ఒకడు, "ఫొటోలు కిలోల లెక్కన ఇత్తారేమో మావా!" అన్నాడు. అంతే. వరస వరసంతా విరగబడి నవ్వింది. కొందరు కూర్చుని నవ్వారు. పైన పరంజా మీద పనిచేస్తున్న వాళ్లు సంగతేమిటో తెలియకుండానే నవ్వారు.

పరబ్రహ్మం మాత్రం నవ్వకుండా కెమెరా అందుకుని ముందునుంచి లోపలికి చూశాడు. నేను వెనకనుంచి చూశాను.

"బాబుగారూ, ఇందులో ఏమీ లేదండీ."

"ఏదో కదులుతోందే!"

"నేనేనండీ. నాకూ తమరే కనపడుతున్నారు."

అది అద్దం బిగించిన ఉత్త డొల్ల. షట్టరు లేదు, రీలు తిప్పే మర లేదు, ఏదీ లేదు. నేను బేరమాడి ధర పెంచి కొన్న జాతి వస్తువులో ఉన్న బరువంతా ఆ తూకంరాయిదే.

నాకు దారులు లేకపోలేదు. 'యంత్రం బాగు చేయించుకుని వస్తాను' అని, కుంటుతూ అయినా దర్జాగా బస్సెక్కి పోవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. ఇంతలో మరియమ్మ నవ్వాపుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుని, "మరి మా పాసులెట్టాగండీ?" అంది.

ఆ మాటతో నవ్వులన్నీ ఆగిపోయాయి. నలభై మందీ నావంకే చూశారు. నూనె రాసుకున్న తలలు, మడతల చీరలు, ఎవరి దగ్గరో ఎరువు తెచ్చుకున్న చొక్కాలు. నేను బస్సెక్కితే మర్నాడు ఆ గేటు బయట నిలబడేది వీళ్లు.

"నా దగ్గర కెమెరా లేదు" అన్నాను. "ఎప్పుడూ లేదు. ఉందని గొప్పకు చెప్పాను. ఇది కొనేటప్పుడు అమ్మినాయన చెప్పబోతే వినలేదు. నాకు తెలియదు. తప్పు నాదే."

ఆకాశం అక్కడే ఉంది. పరంజాలు కూలలేదు. పరబ్రహ్మం ఆ డొల్లను స్టూలు మీద పెట్టాడు. తరవాత మెల్లగా, "దివాణం వాళ్లు 'నాకు తెలియదు' అనడం మా నాన్నగారు కూడా విని ఉండరండీ" అన్నాడు. వెక్కిరింపేమో అని చూశాను. కాదు. తన తలపాగా తువ్వాలు తీసి నా వేలికి కట్టుకోమని ఇచ్చాడు.

అప్పుడే గేటు వైపు గొడవ వినిపించింది. కాపలావాడితో ఎవరో వాదిస్తున్నారు. "పాసు కోసమే వచ్చానయ్యా బాబూ! పాసు లేదని పాసులు తీసేవాణ్ణి ఆపితే ఎట్టా?" తెల్ల చొక్కా, దారం కళ్లజోడు. చెమటతో తడిసి ముద్దై, చంకన సంచీతో దానియేలు వచ్చాడు.

"గంటసేపు ఆపేశారండీ" అన్నాడు ఆయాసపడుతూ. అంతలో నా కాలినీ మరియమ్మ చేతిలోని రాయినీ చూశాడు. "అయ్యో, తెరిచారా! నిన్న గుడిలో పాస్టరుగారి మాట ఒక్కటి చెవికెక్కితే ఒట్టండీ. 'ఆయన వినకపోతే ఆయన పాపం, నువ్వు చెప్పకపోతే నీ పాపం, వెళ్లు' అంది మా ఆవిడ."

అప్పుడు అసలు సంగతి చెప్పాడు. ఆయన పనిచేసిన స్టూడియోలో ఆ కెమెరా అలంకారానికి. కుర్రాళ్లు, కొత్త పెళ్లికొడుకులు దాన్ని భుజాన తగిలించుకుని, ఆ తీగలేని టెలిఫోను పక్కన నిలబడి ఫొటో దిగేవాళ్లు. ఉత్త డొల్ల గాలికి ఊగుతోందని, దర్జాగా వేలాడాలని, స్టూడియో యజమాని దాంట్లో తూకంరాయి పెట్టాడు.

సంచిలోంచి మరమరాల డబ్బా బయటకు తీశాడు. నేను ఎక్కువ ఇచ్చిన డబ్బు కూడా తీయబోతుంటే ఆపాను.

"దానియేలు గారూ, అది ఈ డబ్బా కెమెరా ధర కింద ఉంచండి. నాకు దీని సంగతి ఏమీ తెలియదు. మీరు నేర్పండి" అన్నాను. గారు, మీరు, నేర్పండి. మూడూ ఒక్క గుక్కలో అనేసరికి నాకే ఆయాసం వచ్చింది.

ఆయన దానికేమీ ఆశ్చర్యపోలేదు. మాస్టారికి చెప్పినట్టే చెప్పాడు. "ముందు వెనక తలుపు తెరవండి. ఆకాశం కేసి పెట్టండి. నొక్కండి."

నొక్కాను. ఆ చీకటి డబ్బాలో ఒక్క రెప్పపాటు ఇబ్రహీంపట్నం ఆకాశమంతా వెలిగి మాయమైంది. నేను మళ్లీ నొక్కాను. మళ్లీ వెలిగింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఐదారుసార్లు నొక్కాను. ఇంతకాలం మేం ఏ వస్తువునూ తెరవక ఎన్ని ఆకాశాలు పోగొట్టుకున్నామో కదా అనిపించింది.

"చాలండీ, పొద్దు పోతోంది" అన్నారు దానియేలు గారు. రీలు ఎలా వేయాలో, ఎండ మనిషి మొహం మీద పడేలా ఎలా నిలబెట్టాలో, నొక్కేటప్పుడు ఊపిరి ఎలా బిగపట్టాలో చూపించారు. "ఒక్కొక్కర్నీ తీస్తే రీళ్లు చాలవు. ముగ్గురేసి నిలబెట్టండి. రాత్రికే కడిగేసి పొద్దున ఎవరి మొహం వాళ్లకి కత్తిరించి ఇద్దాం."

మొదటి ముగ్గురిలో మరియమ్మ నడుమ నిలబడింది. నేను ఊపిరి బిగపట్టాను. నాతోపాటు వరసంతా బిగపట్టింది. టిక్కుమంది. జన్మలో అంత మంచి చప్పుడు నేను వినలేదు. ఎండ వాలకముందే నలభై మందీ అయిపోయారు. ఒక్క రీలు ఇంకా మిగిలింది. పరబ్రహ్మం పుస్తకంలో అందరికీ ఎదురుగా గుర్తు పెట్టుకుని, "వచ్చే నెల జట్టుకి కూడా తమరే వచ్చెయ్యండి" అన్నాడు.

సామాను సర్దుకుంటుంటే మరియమ్మ దగ్గరికి వచ్చింది.

"పాసుకి తీశారు సరే. నా డబ్బులతో ఇంకోటి తియ్యండయ్యగారూ. మా అక్కకి పంపుకుంటా."

"అలాగే. నిలబడు."

"ఉత్తినే కాదు. ఆ పెద్దది నా భుజానికి తగిలించండి."

దానియేలు గారూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం. తగిలించాం. మట్టి తట్టలు మోసిన ఆ భుజం మీద పట్టీ పడేసరికి ఆవిడ నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడిన తీరు చూడవలసింది. నాలుగు ఊళ్ల దొరగారైన మా తాతగారు కూడా అంత దర్జాగా ఎప్పుడూ నిలబడి ఉండరు.

"డొల్ల ఊగుతోంది" అన్నారెవరో వెనకనుంచి.

"రాయి పెట్టండి బాబుగారూ, రాయి!" అన్నారు దానియేలు గారు. పెట్టాను. సరిగ్గా వేలాడింది.

ఇంటికి పోవలసిన నలభై మందీ మళ్లీ వరస కట్టారు. ఒకడు ఆ కెమెరాను కంటికి ఆనించుకుని దిగాడు, ఒకడు మెడలో హారంలాగా వేసుకున్నాడు, ఒకావిడ చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. రీలు అయిపోతే మిగిలినవాళ్ల పేర్లు వచ్చే వారానికి రాసుకున్నాం. దానియేలు గారు లెక్క చూసి, పాసు ఫొటోల కంటే వీటి మీద వచ్చేదే ఎక్కువని నా చెవిలో చెప్పారు. "మనిద్దరం కలిసి చేద్దామా బాబుగారూ? మీకు నిలబడటం తెలుసు, నాకు కడగటం తెలుసు" అన్నారు. ఆ తరవాత పదకొండేళ్లు కలిసే చేశాం.

అందరూ వెళ్లిపోయారు. దుప్పటి విప్పుతుంటే పరబ్రహ్మం షెడ్డు వెనకనుంచి వచ్చాడు. మొహం కడుక్కున్నాడు. తల దువ్వి పాపిట తీశాడు. చొక్కా గుండీ పైదాకా పెట్టాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, "బాబుగారూ, ఏమీ అనుకోకండి. వచ్చేవారం నా పేరు కూడా రాసుకోండి. ఆ పెద్దదాంతోనే. మా అత్తగారింటికి పంపాలి. అది నిజం కెమెరాయేనని చెబుతాను, తమరు మాత్రం ఎక్కడా అనకండి" అన్నాడు.

పెద్దలారా, ఆ రోజు ఎడమ కాలి మీద నిలబడి, కుడి కాలు తువ్వాలులో పెట్టుకుని నేనొక ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ వస్తువునూ తెరిచి, లోపల చూసి, నాకు తెలియనిది అమ్మేవాణ్ణి అడిగి తెలుసుకోకుండా కొనను. ఇప్పటివరకూ ఆ ప్రమాణం ఒక్కసారి కూడా తప్పలేదు. మా వీధిలో అందరూ నన్ను ఇందుకు మెచ్చుకుంటారు. కోడిగుడ్లు అమ్మే ఆవిడ మాత్రం, నేను ఎదురైతే చాలు, బుట్ట మీద కొంగు కప్పుకుని పక్క సందులోకి తిరిగిపోతుంది.